మా పిల్లలకు లెక్క వచ్చు, మీకే మా లెక్క రాదు

కిందటేడు వానలు వెనకబట్టాక ఒకరోజు మా గూడ అంగన్‌వాడీకి పైనుంచి ఒక అధికారి వచ్చారు. పిల్లలకు అంకెలు వచ్చాయో లేదో చూసి కాగితం మీద రాసుకోవడం ఆరోజు ఆమె పని. గోడకు తగిలించిన చార్టు ముందు నాలుగున్నరేళ్ళ పిల్లను నిలబెట్టారు. పుల్ల తీసి 3 మీద పెట్టి “ఇది ఎంతమ్మా?” అని అడిగారు. పిల్ల ఆమె మొహం చూసింది. పుల్ల 5 మీద పెట్టి మళ్ళీ అడిగారు. పిల్ల గౌను అంచు నోట్లో పెట్టుకుంది. “పోనీ వన్ టూ త్రీ చెప్పు” అన్నారు. అది చెప్పింది. ఊగుతూ, పాటలాగా, టెన్ దాకా. మధ్యలో సిక్స్ ఎగిరిపోయింది. ఆమె కాగితం మీద గుర్తు పెట్టుకుని, “ఈ పిల్లలకు అంకెలు రావడం లేదు, తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలి” అని టీచరుకు చెప్పి జీపెక్కారు.

ఆ పిల్ల మా అన్న కూతురు. జీపు మలుపు తిరిగాక అరుగు మీద కూర్చోబెట్టి గుప్పెడు చింతపిక్కలు ముందు పోశాను. సవరలో అడిగాను, యాగి ఇయ్యి అని. మూడు పిక్కలు తీసి నా చేతిలో పెట్టింది. మొన్లోయ్ ఇయ్యి అన్నాను. ఒక్కొక్కటీ వేలితో నెట్టుకుంటూ అయిదు లెక్కపెట్టి ఇచ్చింది. ఎన్ని ఇచ్చావు అంటే మళ్ళీ లెక్కపెట్టకుండానే “మొన్లోయ్” అంది. తమ్జి అడిగితే తడబడి తొమ్మిది ఇచ్చింది. నాలుగున్నరేళ్ళ పిల్ల ఏ ఊళ్ళో అయినా అక్కడ తడబడుతుంది. హైదరాబాదులో ఫీజు కట్టి చదివే పిల్ల కూడా తడబడుతుంది. అందులో తప్పేమీ లేదు.

మరి ఆ కాగితం మీద రాసిందేమిటి? “అంకెలు రావు.” నేను చూసిందేమిటి? అయిదు దాకా గట్టిగా లెక్క వచ్చిన పిల్ల. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా గురించే ఈ వ్యాసం. ఆ అధికారి పరీక్షించింది పిల్ల తెలుగును. రాసుకుపోయింది పిల్ల లెక్కను. ఇది ఒక్కరోజు జరిగిన పొరపాటు కాదు. మా కొండల మీద పిల్లల చదువు మొదటి మెట్టు దగ్గర జరిగే అన్యాయం ఇదే. ఇది మొదటి మెట్టు కాబట్టి మిగతా మెట్లన్నీ దీనిమీదే వంకరగా లేస్తున్నాయి.

లెక్కపెట్టడం అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. వన్ టూ త్రీ ఫోర్ అని గడగడా అప్పజెప్పడం లెక్కపెట్టడం కాదు. అది పాట. పాట మంచిదే, పిల్లలు పాడుకోవాలి. కానీ పాటలో టూ అనే మాట పక్కన రెండు వస్తువులు నిలబడి ఉండవు. గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లలకు సంఖ్య ఎలా పట్టుబడుతుందో చూసి 1978లో ఒక పుస్తకం రాశారు. వాళ్ళు చెప్పిన సంగతులు మన ఇళ్ళలో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది, ఆ మాటల్లో కాకపోయినా. ఒక్కో వస్తువుకు ఒక్కో మాటే పడాలి, దాటెయ్యకూడదు, రెండుసార్లు పడకూడదు. మాటల వరస ప్రతిసారీ ఒక్కటే ఉండాలి. చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. లెక్కపెట్టేవి పిక్కలైనా మేకలైనా చప్పట్లయినా పద్ధతి మారదు. ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

ఇందులో మూడోది అన్నింటికంటే కష్టం. “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని వేలు పెట్టి లెక్కపెట్టిన పిల్లను “అయితే ఎన్ని?” అని అడిగితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతుంది. నాలుగు అన్నది ఆ చివరి పిక్క పేరు కాదు, మొత్తం కుప్ప ఎంతో చెప్పే మాట అని తట్టడానికి నెలలు పడుతుంది. ఆ తట్టడం పిల్ల బుర్రలో జరిగే పని. ఆ పనికి పనిముట్టు భాష. ఏ భాష? తల్లి చేతిలో అన్నం తింటూ విన్న భాష. “ఇంకో ముద్ద, ఇంకో ముద్ద” అని విన్న భాష. అది లాక్కుని, ముక్కుమొహం తెలియని ఇంకో భాష చేతిలో పెట్టి, ఇప్పుడు ఆలోచించు అంటే పిల్ల ఏం ఆలోచిస్తుంది? గౌను అంచు నోట్లో పెట్టుకుంటుంది.

అంకె వేరు, అంకె పేరు వేరు. ఈ చిన్న మాట అర్థం చేసుకుంటే సగం గొడవ తీరిపోతుంది. 3 అన్న గుర్తుకు భాష లేదు. దాన్ని చూసి తెలుగువాడు మూడు అంటాడు, తమిళుడు మూణు అంటాడు, ఒడియావాడు తిని అంటాడు, ఇంగ్లీషువాడు త్రీ అంటాడు. మా పిల్ల యాగి అంటుంది. అందరూ ఒప్పే. అందరికీ ఒక్కటే గుర్తు ఉండడం లెక్కల శాస్త్రం మనుషులకు ఇచ్చిన గొప్ప వరం. ఆ చార్టు ముందు పిల్ల “యాగి” అని ఉంటే ఏమయ్యేది? తప్పు పడేది. ఎందుకంటే కాగితం పట్టుకున్న మనిషికి ఆ మాట తెలియదు. తెలియకపోవడం పెద్దవాళ్ళది, తప్పు పిల్లది.

కొందరు చదువుకున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు, సవరలో అసలు అంకెలు ఉన్నాయా అని. ఉన్నాయి. అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గల్జి. ఇవి పది. ఊరికీ ఊరికీ పలుకుబడి కొంచెం మారుతుంది. పదితో ఆగదు. పదకొండు గల్ముయ్, పన్నెండు మిగ్గల్. రెండూ విడి మాటలే. పదమూడు మిగ్గల్‌బోయ్, అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది పన్నెండూ ఏడు. అక్కడ ఒక ఇరవై నిండుతుంది. ఇరవై మీద మళ్ళీ ఒకటి నుంచి మొదలై, ఇరవై పన్నెండు మీదుగా, ఇరవై పన్నెండు ఏడు దాకా పోయి, రెండు ఇరవైల దగ్గర కూర్చుంటుంది. 99 అనాలంటే మా వాళ్ళు నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒక ఏడు అంటారు. పన్నెండునూ ఇరవైనూ ఇలా జతకట్టిన లెక్క ప్రపంచంలో అరుదు. భాషాశాస్త్రం చదివేవాళ్ళు దేశదేశాల్లో సవర లెక్కను ఒక వింతగా, ఒక చక్కని ఉదాహరణగా నేర్చుకుంటారు. అది పుట్టిన గూడలో అంగన్‌వాడీ గోడమీద మాత్రం దానికి చోటు లేదు.

ఇరవైలతో లెక్కపెట్టడం వెనకబాటు అంటారా? ఫ్రాన్సు దేశంలో 99 అనాలంటే నాలుగు ఇరవైలు పది తొమ్మిది అంటారు. అక్కడ అది గొప్ప దేశం వారి గొప్ప భాష. మా దగ్గర అదే పద్ధతి అనాగరికం! అంత దూరం ఎందుకు, తెలుగు రైతు పుట్టికి ఎన్ని తూములు? ఇరవై. రూపాయికి ఎన్ని అణాలు? 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా పదహారు. అరటిపళ్ళు ఇవాళ్టికీ డజన్లే. రోజుకు గంటలు పన్నెండూ పన్నెండే. పదులతో కాని లెక్కలన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి. వాటిని మీరు లెక్క అనే అన్నారు. మాది మాత్రం ఆచారం అన్నారు.

ఇక తెలుగు వైపు చూద్దాం. తెలుగు లెక్క తేలికని తెలుగువాళ్ళు అనుకుంటారు. పుట్టుకతో వచ్చింది కాబట్టి అలా అనిపిస్తుంది. బయటినుంచి వచ్చే నాలుగేళ్ళ పిల్లకు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. రెండు మేకలు, రెండు పిక్కలు, రెండు ఆకులు. బాగానే ఉంది. పిల్లలు వచ్చేసరికి “రెండు పిల్లలు” అంటే తప్పు, “ఇద్దరు పిల్లలు” అనాలి. మూడు కాదు ముగ్గురు. నాలుగు కాదు నలుగురు. సరిగ్గా లెక్కపెట్టి “రెండు పిల్లలు” అన్న పిల్లను టీచరు “కాదు” అంటుంది. టీచరు దిద్దింది వ్యాకరణాన్ని. పిల్ల విన్నది తన లెక్క తప్పని. ఇంకోసారి లెక్కపెట్టి చూస్తుంది, మళ్ళీ రెండే వస్తుంది. అప్పుడు ఏ దారి ఉంది దానికి? నోరు మూసుకోవడమే దారి.

గోండు పిల్లకైనా కొంత ఆసరా ఉంది. గోండి ద్రావిడ భాష. రండ్, మూండ్, నాలుంగ్ అన్న పిల్లకు రెండు, మూడు, నాలుగు ఎక్కడో విన్నట్టు ఉంటుంది. అయినా వాళ్ళకూ వాళ్ళ భాషలోనే మొదలుపెట్టాలి, అది వేరే మాట. సవరది ముండా కుటుంబం. బాగు అన్న మాటకీ రెండు అన్న మాటకీ ఏ చుట్టరికమూ లేదు. పైగా తెలుగులో బాగు అంటే మంచిది! పిల్ల రెండు పిక్కలు చూపించి “బాగు” అంటే, బాగుందంటోంది కాబోలు అని నవ్వి పక్కకు పోయిన టీచర్లను నేను చూశాను. ఇప్పుడు ఆ తెలుగు మీద ఇంగ్లీషు పొర ఒకటి. ఒక్క 2 గుర్తుకు బాగు, రెండు, టూ, పైగా ఇద్దరు. ఏది ఎప్పుడనాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంటిమాట ఒక్కటీ బడిలో వినపడదు. నాలుగు పేర్లు మొయ్యలేక కాదు పిల్ల కూలబడేది. వాటిని తగిలించుకోడానికి కొయ్య లేక. ఆ కొయ్య బాగు అన్న ఇంటిమాట. దాన్ని పీకేసి మిగతా మూడూ గాలిలో తగిలించమంటున్నారు.

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి. దాటవెయ్యను.

మొదటిది. సవరలో పదమూడు అంటే పన్నెండూ ఒకటి, రాసే 13లో పదీ మూడూ ఉంటాయి, పిల్ల గందరగోళపడదా? ఈ ప్రశ్న అడిగినవాళ్ళను నేను గౌరవిస్తాను, సంగతి తెలిసి అడిగారు కాబట్టి. జవాబు రెండు భాగాలు. అంగన్‌వాడీలో ముందు కావలసింది పది దాకా. పది దాకా ఒక్కో అంకెకు ఒక్కో మాట, సవరలోనైనా తెలుగులోనైనా అంతే. అక్కడ గొడవే లేదు. పది దాటాక, పన్నెండు పిక్కల కుప్ప, పక్కన ఒక పిక్క పెట్టి మిగ్గల్‌బోయ్ అనిపించండి. అవే పిక్కల్లోంచి పది తీసి అడ్డాకులో మూట కట్టి, మిగిలినవెన్ని అని అడగండి. యాగి. అందుకే ఒక మూటకు 1, పక్కన 3. అదే పదమూడు పన్నెండూ ఒకటి కూడా, పదీ మూడూ కూడా. ఒక సంఖ్యను రెండు రకాలుగా విడదీసి కలపగల పిల్లకు లెక్కలో వెనకబాటు ఎక్కడిది? మిగతా పిల్లలకు కూడికలు అని తర్వాత నేర్పేది అదే. తెలుగులో మాత్రం పదకొండు, పన్నెండు అన్న మాటలు వినగానే పదీ ఒకటి, పదీ రెండు అని తడుతుందా? ఇంగ్లీషు ఎలెవెన్, ట్వెల్వ్‌లో పది కనిపిస్తుందా? ఆ పిల్లలు గందరగోళపడడం లేదని ఇవి తీసెయ్యలేదు కదా.

రెండోది. సవరకు లిపి లేదు కదా అంటారు. సొరంగ్ సొంపెంగ్ ఉంది. మంగేయి గొమాంగో 1936లో తయారుచేశారు. దానికి సొంత అంకెల గుర్తులు కూడా ఉన్నాయి. 2012లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కానీ నేను నాలుగేళ్ళ పిల్లకు ఆ గుర్తులు నేర్పమనడం లేదు. 1, 2, 3 చాలు. రాసేది అందరి గుర్తే, పలికేది మా మాట. అందుకు లిపితో పనేముంది?

మూడోది. టీచర్లకు సవర రాదు. ఈ మాట నిజం. ఎందుకు రాదో కూడా చెప్పుకుందాం. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. ఉద్యోగాల తగువుగానే అందరూ దాన్ని చూశారు. బడిలో పిల్ల మాట అర్థమయ్యే మనిషి ఉండాలా వద్దా అన్న కోణం నుంచి చూసినవాళ్ళు ఎంతమంది? టీచరు ఎక్కడినుంచి వచ్చినా సరే, సవర గూడలో పనిచేసే మనిషికి సవర వచ్చి తీరాలని ఒక నియమం పెట్టడానికి ఏ కోర్టు అడ్డం? ఒక సంగతి ఎవరికీ కనపడడం లేదు. చాలా గూడల్లో అంగన్‌వాడీ ఆయా సవర మనిషే. వంట చేస్తుంది, ముక్కులు తుడుస్తుంది, చీపురు పడుతుంది. అంకెలు చెప్పే పాఠం వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది. బడిలో పిల్లల భాష వచ్చిన ఒకే ఒక్క మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, టీచర్లకు భాష రాదంటున్నాం.

నాలుగోది మన వాళ్ళు అడిగేది. ఇది నాకు ఎక్కువ బాధ. ఉద్యోగాలొచ్చి సీతంపేటలోనో పార్వతీపురంలోనో ఇళ్ళు కట్టుకున్న మన అన్నలు, అక్కలు అంటారు: “సవరలో లెక్క నేర్చుకుని ఏ ఉద్యోగం చేస్తారు? మా పిల్లలకు ఇంగ్లీషు రావాలి.” రావాలి అన్నా. తప్పకుండా రావాలి. ఇంగ్లీషు వద్దని నేను అన్నానా? వన్ టూ త్రీ నేర్పవద్దని అన్నానా? యాగి తెలిసిన పిల్లకు త్రీ నేర్పడం ఒక్కరోజు పని, కొత్త పేరు తగిలించడమే. యాగి తెలియని పిల్లకు త్రీ నేర్పడం చిలకకు నేర్పడం. ఇంగ్లీషుకు దారి మన భాష మీదుగా దగ్గర, మన భాషను తొక్కుకుంటూ పోతే దూరం. ఇంకో మాట కూడా అడుగుతాను. ఆదివాసీ దినోత్సవం నాడు పిల్లలకు ఈకలు పెట్టి సవర పాటకు ఆడిస్తారు, ఫోటోలు తీస్తారు. పాటకు పనికొచ్చిన భాష లెక్కకు ఎందుకు పనికిరాదు? ఆటపాటలకు మాత్రమే ఉంచిన భాష ఎన్నాళ్ళు బతుకుతుంది? మన యువకులు ఇప్పటికే పది దాటితే తెలుగులోనో ఇంగ్లీషులోనో లెక్కపెడుతున్నారు. మిగ్గల్ అన్న మాట మా నాయనమ్మ నోట విన్నాను, నా మేనల్లుళ్ళ నోట వినలేదు. భాష పోయేటప్పుడు అంకెలు ముందు పోతాయి, ఎందుకంటే అవి సంతలోకి ముందు వెళతాయి.

సంత గురించి ఎత్తాను కాబట్టి ఒక మాట. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అడ్డాకులు కట్టలు కట్టేటప్పుడు, చీపుర్లు కట్టేటప్పుడు వేళ్ళ మీద, ఇరవై నిండగానే ఒక పిక్క పక్కన పెట్టి లెక్కపెట్టేది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు. సంతలో షావుకారి దగ్గరికి వెళ్ళేసరికి ఆ లెక్క తెలుగులో చెప్పాలి. అక్కడ తప్పేది. అక్కడ ఆమె తలవంచుకునేది. షావుకారి లెక్కే లెక్క అయ్యేది. మా తాతలు భూములు ఎలా పోగొట్టుకున్నారు, అప్పులు ఎలా పెరిగాయి, శ్రీకాకుళం కొండలు ఎందుకు భగ్గుమన్నాయి అని చరిత్ర రాసినవాళ్ళు షావుకార్ల దోపిడీ గురించి రాశారు. ఆ దోపిడీకి ఒక చిన్న తాళంచెవి ఇది: నీ లెక్క లెక్క కాదు. ఆనాడు సంతలో అన్న ఆ మాటనే ఇవాళ అంగన్‌వాడీలో నాలుగేళ్ళ పిల్లతో అంటున్నారు. నవ్వుతూ, ప్రేమగా, కాగితం మీద గుర్తు పెట్టుకుని.

చట్టాలు లేవా? కావలసినన్ని. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేర్చారు. వీలైనంతవరకు బోధన పిల్ల మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానం అదే చెప్పింది. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ పిల్లలందరికీ చదవడం, లెక్కపెట్టడం గట్టిగా రావాలంది. 2023లో “పోషణ్ భీ పఢాయీ భీ” అని, అంగన్‌వాడీలో తిండితోపాటు చదువూ అన్నారు. ఆ నినాదమే మా గూడలో ఎవరికీ తెలియని హిందీలో వచ్చింది! ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ 8 భాషల్లో బడి పుస్తకాలు తయారుచేసే పని మొదలైంది. తెలుగు లిపిలో మా మాటలు అచ్చయ్యాయి. మంచి పని. ఆ పనికి చెమటోడ్చిన మా టీచర్లకు దండం. కానీ ఆ పుస్తకాలు పట్టిందీ వదిలిందీ అన్నట్టు సాగాయి. మా గూడ అంగన్‌వాడీ గోడమీద ఇవాళ్టికీ ఒక్క సవర అంకె పేరు నేను చూడలేదు.

ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పుట్టినరోజు అది. దండలు వేస్తారు, వాడుకభాష కోసం పోరాడాడని ఉపన్యాసాలిస్తారు. నిజమే. కానీ ఆయన పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశాడు, బడులు పెట్టించాడు. 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించాడు. నోటికి వచ్చిన భాషలోనే బడి ఉండాలన్న ఒక్క సూత్రాన్ని ఆయన తెలుగు పిల్లలకూ వర్తింపజేశాడు, సవర పిల్లలకూ వర్తింపజేశాడు. తెలుగువాళ్ళు తమకు కావలసిన సగం తీసుకుని పండగ చేసుకుంటున్నారు. మా సగం ఎక్కడ పెట్టారు?

ఇప్పుడు మేము అడిగేది చెబుతాను. కోట్లు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. సవర గూడల్లో అంగన్‌వాడీ పిల్లలకు ఒకటి నుంచి పది దాకా లెక్క ముందు సవరలో నేర్పాలి. కువి గూడలో కువి, కొండదొర గూడలో అక్కడి పిల్లల ఇంటిమాట, అలాగే. మొదట మూడు దాకా, అది గట్టిపడ్డాక అయిదు దాకా, ఆ తర్వాతే పది. తొందర వద్దు. జీడిపిక్కలు, చింతపిక్కలు, రాళ్ళు, అడ్డాకులు ఉండగా ప్లాస్టిక్ బొమ్మలు అక్కర్లేదు. “యాగి ఇయ్యి” అంటే పిల్ల మూడు ఇస్తోందా అన్నదే పరీక్ష. చార్టు ముందు అప్పజెప్పించడం పరీక్ష కాదు. లెక్క వచ్చాక 3 గుర్తు చూపించాలి. గుర్తు పట్టాక మూడు అనీ, త్రీ అనీ పేర్లు చెప్పాలి. దొప్పలో పిక్కలన్నీ తీసేసి, ఇప్పుడేముంది అని అడిగి, ఏమీ లేకపోవడానికి కూడా ఒక గుర్తు ఉందని 0 చూపించాలి. గోడమీద ప్రతి అంకె పక్కన తెలుగు లిపిలో సవర పేరు రాయించాలి. అంకెల పాఠం ఆయా చెప్పాలి, దానికి ఆమెకు శిక్షణా జీతమూ ఇవ్వాలి. ముసలమ్మలను వారానికొకసారి పిలిచి పిల్లలతో లెక్కపెట్టించాలి, మిగ్గల్ దాటి ఇరవై దాకా లెక్క వచ్చినవాళ్ళు వాళ్ళే మిగిలారు కాబట్టి. పిల్ల ఏ భాషలో జవాబు చెప్పినా, లెక్క ఒప్పయితే ఒప్పని కాగితం మీద పడాలి.

మన వాళ్ళకూ ఒక పని ఉంది. ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు, కోడిపిల్లలను గంప కింద మూసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు పిల్లలతో మన మాటల్లో లెక్కపెట్టండి. ప్రభుత్వం కోసం దీనికి ఆగనక్కర్లేదు.

వచ్చే ఏడు మా గూడకు కాగితం పట్టుకుని వచ్చే అధికారికి ఒక మనవి. మీరు పరీక్ష పెట్టడానికి వస్తున్నారు, మంచిదే, రండి. వచ్చేముందు పది మాటలు నేర్చుకుని రండి. అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గల్జి. అంతే, పది. జీపు కొండెక్కేలోపు నోటికొస్తాయి. తడబడితే సిగ్గుపడకండి, మా అన్న కూతురు దిద్దుతుంది. దానికి వచ్చు.